మూడు దేశాల బడి క్యాలెండర్లు, ఒక కలయిక: నా అనుభవం

మా అమ్మానాన్నలకు మేము ముగ్గురం. నేను హైదరాబాదులో ఉంటాను; తమ్ముడు మ్యూనిక్‌లో, చెల్లెలు మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డారు. ముగ్గురికీ బడి ఈడు పిల్లలున్నారు. మూడు కుటుంబాలూ రాజమండ్రిలో అమ్మానాన్నల దగ్గర ఒకేసారి ఉండి చాలా ఏళ్లయింది. రావాలన్న మనసు లేక కాదు, పిల్లల సెలవులు కలవక. 2025 దసరాకు తెలంగాణ బడులకు సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 వరకు సెలవులిచ్చారు. చెల్లెలు ఉండే విక్టోరియా రాష్ట్రంలోనూ మూడో టర్మ్ సెప్టెంబరు 19న ముగిసి, నాలుగో టర్మ్ అక్టోబరు 6న మొదలైంది. దాంతో ఆ రెండు వారాలూ చెల్లెలి కుటుంబం, మా కుటుంబం కలిసి గడిపాము. తమ్ముడు మాత్రం రాలేకపోయాడు. వాడు ఉండే జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచేదే సెప్టెంబరు మధ్యలో. తెరిచిన వారానికే పిల్లవాణ్ని మాన్పించడం అక్కడ కుదరని పని. ఆ దసరా సెలవులు ముగిసే సమయానికే, 2026లో ముగ్గురం కలిసే వారాలను వెతికి పట్టుకునే బాధ్యత నేను తీసుకున్నాను. ఆ పని ఎలా సాగిందో, ఏ తేదీలు మమ్మల్ని అడ్డుకున్నాయో, చివరికి ఏ లెక్క మీద నిర్ణయానికి వచ్చామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇలాగే రెండు మూడు చోట్ల పిల్లలు చదువుతున్న కుటుంబాలకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

మొదట ఒక పెద్ద చార్టు కాగితం తీసుకుని, నెలల ప్రకారం కాకుండా వారాల ప్రకారం గీతలు గీశాను. నెలల పట్టికలో సెలవు ఏ రోజున మొదలవుతుందో తెలుస్తుంది గానీ, దానికి ముందు వెనుకల శనాదివారాలు కలుపుకుంటే ఎన్ని రోజులు చేతికొస్తాయో వెంటనే కనిపించదు. ఒక్కో వారానికి ఒక అడ్డ వరుస. నిలువుగా అయిదు గళ్లు. మొదటి గడి పదో తరగతి చదువుతున్న మా అమ్మాయిది, రెండోది సీబీఎస్‌ఈ బడిలో ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయిది, మూడోది తమ్ముడి కొడుకుది, నాలుగోది చెల్లెలి పిల్లలిద్దరిది, అయిదోది పెద్దల ఉద్యోగాల సెలవులది. ప్రభుత్వమో, బోర్డో, బడో అధికారికంగా ప్రకటించిన తేదీని పెన్నుతో రాశాను. గత సంవత్సరాల వాడుకను బట్టి ఊహించిన తేదీని పెన్సిల్‌తో రాశాను. ప్రతి తేదీ పక్కన అది ఎక్కడ నుంచి వచ్చిందో చిన్న అక్షరాలతో గుర్తు పెట్టుకున్నాను: బడి డైరీ, విద్యాశాఖ ఉత్తర్వు, తరగతి వాట్సాప్ గ్రూపు అని. గ్రూపులో వచ్చినదేదైనా ఉత్తర్వు చూసేదాకా పెన్సిల్‌లోనే ఉండాలని పెట్టుకున్న ఈ ఒక్క కట్టుబాటు తర్వాత చాలా అక్కరకు వచ్చింది.

గళ్లు నింపుతుంటేనే ఒక్కో చోటి క్యాలెండరు స్వభావం అర్థమవుతూ వచ్చింది. విక్టోరియాలో విద్యా సంవత్సరం జనవరి చివర మొదలై డిసెంబరులో ముగుస్తుంది. నాలుగు టర్మ్‌లు, వాటి మధ్య సుమారు రెండేసి వారాల విరామాలు, చివర్లో పెద్ద వేసవి సెలవులు. ఆ టర్మ్ తేదీలను అక్కడి ప్రభుత్వం కొన్ని సంవత్సరాల ముందే ప్రకటిస్తుంది కాబట్టి చెల్లెలి గడి మొత్తం ఒక్క సాయంత్రంలో పెన్నుతోనే నిండిపోయింది. జర్మనీలోనూ తేదీలు ఏళ్ల ముందే తెలుస్తాయి గానీ, పదహారు రాష్ట్రాలకు పదహారు రకాలుగా ఉంటాయి. అందరూ ఒకేసారి రోడ్డెక్కకుండా వేసవి సెలవులను రాష్ట్రాల మధ్య ఏటేటా మార్చుతూ సర్దుతారు. బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్ మాత్రం ఆ మార్పులో చేరకుండా ఎప్పుడూ అందరికంటే చివర్లోనే సెలవులిస్తాయి. అందువల్ల "జర్మనీలో సెలవులు ఎప్పుడు" అని వెతికితే దొరికే సమాధానం తమ్ముడి కుటుంబానికి పనికిరాదు. బవేరియా పట్టికే చూడాలి.

మన దగ్గర వరస వేరు. తెలంగాణ పాఠశాల విద్యాశాఖ క్యాలెండరు ప్రకారం బడులు జూన్ 12న తెరుచుకుంటాయి, వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు. ఈ రెండు కొసలూ సాధారణంగా గట్టివే. వాటి మధ్య ఉన్న తేదీలే కదులుతుంటాయి. 2026 సంక్రాంతి సెలవులు విద్యా క్యాలెండరులో జనవరి 11 నుంచి 15 వరకు అని ఉండగా, పండుగ దగ్గరపడ్డాక వాటిని పెంచారు. భారీ వర్షాలు పడితే ముందు రోజు రాత్రి సెలవు ప్రకటన వస్తుంది. ఎండలు ముదిరితే ఒంటిపూట బడుల వేళలు మారుతాయి. పైగా రాష్ట్ర సిలబస్ బడికి విద్యా సంవత్సరం ఏప్రిల్‌తో ముగిస్తే, సీబీఎస్‌ఈ బడికి అదే ఏప్రిల్‌లో కొత్త తరగతి మొదలవుతుంది. అంటే ఒకే ఇంట్లో అమ్మాయికి సంవత్సరాంత పరీక్షలు జరిగే వారాల్లోనే అబ్బాయికి కొత్త పుస్తకాలకు అట్టలు వేయాలి. ఒకే కప్పు కింద ఉన్న ఈ తేడాయే మమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టింది.

పట్టిక నిండాక సెలవులు కలిసే వారాల కోసం పైనుంచి కిందికి ఒక్కో వరుసా చూసుకుంటూ వచ్చాము. క్రిస్మస్ వారాల్లో బవేరియా, విక్టోరియా రెండూ ఖాళీగా ఉంటాయి. కానీ తెలంగాణలో ఆ సెలవులు మిషనరీ పాఠశాలలకే. మిగతా వాటికి పండుగ రోజులు మాత్రమే. మనకు సంక్రాంతి సెలవులు వచ్చేసరికి మ్యూనిక్‌లో బడి తెరిచి ఉంటుంది. 2026 ఈస్టర్ ఏప్రిల్ 5న వచ్చింది. బవేరియాలో మార్చి 30 నుంచి ఏప్రిల్ 10 వరకు, విక్టోరియాలో ఏప్రిల్ 3 నుంచి 19 వరకు సెలవులు. చూడగానే అందరికీ ఆశ కలిగింది. 2025లో మన పదో తరగతి పరీక్షలు మార్చి 21న మొదలై ఏప్రిల్ మొదటి వారంలోనే ముగిశాయి కాబట్టి, ఈసారీ అలాగే జరిగితే ఒక వారమైనా దొరుకుతుందని పెన్సిల్‌తో రాసుకున్నాము. డిసెంబరులో వచ్చిన టైమ్‌టేబుల్‌లో పేపరుకు పేపరుకు మధ్య చాలా రోజుల వ్యవధి ఇచ్చి, మార్చి 14న మొదలయ్యే పరీక్షలను ఏప్రిల్ 16 వరకు సాగదీశారు. పిల్లలు చదువుకోవడానికి అది మేలే; మా పట్టికలో మాత్రం ఈస్టర్ వరుసను కొట్టేయాల్సి వచ్చింది. అప్పటికి టికెట్లు తీసుకోలేదంటే ఆ గడి పెన్సిల్‌లో ఉండబట్టే.

విక్టోరియాలో జూన్ 27 నుంచి జులై 12 వరకు ఉండే విరామంలో ఇక్కడా, బవేరియాలోనూ బడులు నడుస్తుంటాయి. ఆగస్టు 3 నుంచి సెప్టెంబరు 14 వరకు బవేరియా ఖాళీ. మిగతా ఇద్దరికీ చదువులు. మరి నిరుడు కలిసొచ్చిన దసరా సంగతి చూస్తే, 2026లో అధిక జ్యేష్ఠ మాసం వచ్చింది. మే 17 నుంచి జూన్ 15 వరకు ఉండే ఆ అధిక మాసం వల్ల తర్వాతి పండుగలన్నీ వెనక్కి జరిగి, విజయదశమి అక్టోబరు 20 ప్రాంతానికి వెళ్లింది. విక్టోరియా బడులు మాత్రం సెప్టెంబరు 18న మూసి అక్టోబరు 5న తెరుస్తాయి. నిరుడు ఒకదాని మీద ఒకటి చక్కగా పడిన ఆ రెండు సెలవులు ఈసారి అసలు తాకనైనా తాకవు. చాంద్రమానం ప్రకారం సంవత్సరం సుమారు 354 రోజులు కావడం వల్ల మన పండుగలు ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతూ, అధిక మాసం వచ్చిన ఏడు ఒక్కసారిగా వెనక్కి వెళ్తాయి. అందువల్ల ఒక ఏడు కుదిరిన దసరా ప్రయాణాన్ని మరుసటి ఏటికి అలాగే దించుకోలేము. ఏటికేడు పంచాంగం దగ్గర పెట్టుకుని కొత్తగా చూసుకోవలసిందే.

ఇంతవరకు వచ్చాక, అందరికీ సెలవులున్న వారం 2026లో ఒక్కటీ లేదని తేలింది. నిజానికి మాకు దారి దొరికింది ఇక్కడే. అందరికీ ఖాళీ ఎప్పుడని వెతకడం మానేసి, ఎవరి తేదీలు ఎంతమాత్రం కదలవు, ఎవరి బడి ఎంతవరకు సర్దుకుంటుంది అని ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాను. సెలవుల జాబితా చూస్తే ఈ సంగతి తెలియదు. హాజరు నిబంధనలు, పరీక్షల తేదీలు, ప్రవేశాల గడువులు పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. కుటుంబ ప్రయాణాల విషయంలో బడి క్యాలెండరులో ముందుగా గుర్తించవలసినవి సెలవులు కావు, ఈ కదలని తేదీలేనని నాకు బలంగా అనిపిస్తుంది.

అందరిలో బవేరియాయే కఠినం. అక్కడ బడికి హాజరు కావడం చట్టబద్ధమైన విధి. సెలవులకు ముందో వెనకో రెండు రోజులు కలుపుకోవడానికి మామూలుగా అనుమతి ఇవ్వరు, చెప్పకుండా మాన్పిస్తే జరిమానా పడవచ్చు. 2018లో పెంతెకొస్తు (ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే క్రైస్తవ పండుగ) సెలవుల ముందు అక్కడి మెమ్మింగెన్ విమానాశ్రయంలో బడి ఈడు పిల్లలతో వెళ్తున్న కుటుంబాలను పోలీసులు ఆపి విచారించిన సంగతి అప్పట్లో జర్మన్ పత్రికల్లో పెద్ద చర్చకు దారి తీసింది. "అక్కా, విమానం తేదీ నేను చెప్తాను, మిగతావన్నీ దాన్ని బట్టి సర్దుకోండి" అని తమ్ముడు మొహమాటం లేకుండా చెప్పాడు. అది మంచిదే అయింది. బవేరియాలో పెంతెకొస్తు సెలవులు రెండు వారాలు: 2026లో మే 26 నుంచి జూన్ 5 వరకు. మే 25 సోమవారం ఎలాగూ ప్రభుత్వ సెలవు. కాబట్టి మే 22 శుక్రవారం బడి వదిలింది మొదలు జూన్ 7 ఆదివారం రాత్రి దాకా తమ్ముడి కుటుంబం స్వేచ్ఛగా ఉంటుంది. ఆ రోజుల్లో మాకు వేసవి సెలవులు. ఇక మిగిలింది చెల్లెలు.

తమ్ముడి వైపు ఇంకొక ముఖ్యమైన తేదీ ఉంది. వాడి కొడుకు నాలుగో తరగతి. ఆ తరగతి తర్వాత పిల్లవాడు ఏ రకం ఉన్నత పాఠశాలకు వెళ్లవచ్చో తేల్చే ధ్రువపత్రాన్ని బవేరియాలో మే మొదట్లో ఇస్తారు, ఆ వెంటనే కొత్త బడిలో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ రెండు పనులూ పెంతెకొస్తుకు ముందే ముగిసిపోతాయి. మా మరదలు ఈ విషయాన్ని రెండుసార్లు సరిచూసుకున్నాకే సరేనంది. అది ముగియకుండా ప్రయాణం పెట్టుకుంటే, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్నా మనసంతా అక్కడే ఉండేది.

విక్టోరియాలో రెండో టర్మ్ ఏప్రిల్ 20 నుంచి జూన్ 26 వరకు కాబట్టి, చెల్లెలు ఈ వారాల్లో రావాలంటే పిల్లలు మే 25 నుంచి జూన్ 5 వరకు పది బడి రోజులు మానాలి. జూన్ 8 సోమవారం అక్కడ రాజుగారి పుట్టినరోజు సెలవు. తిరుగు ప్రయాణపు అలసట తీర్చుకోవడానికి ఆ రోజు కలిసొచ్చింది. చెల్లెలి పిల్లలు మూడో తరగతి, అయిదో తరగతి. ఆ రెండు తరగతులకూ దేశవ్యాప్తంగా జరిగే నాప్లాన్ పరీక్ష మార్చిలోనే అయిపోతుంది. అర్ధ సంవత్సరపు ప్రోగ్రెస్ రిపోర్టులు టర్మ్ చివర్లో ఇస్తారు కాబట్టి, జూన్ రెండో వారం నుంచి తరగతిలో ఉంటే చాలునని టీచరు చెప్పారు. అక్కడ కుటుంబ ప్రయాణానికి సెలవు కావాలంటే ముందుగా ప్రిన్సిపాల్‌కు తెలియజేసి అనుమతి అడగాలి. ఆ రోజులకు పిల్లలు ఏమి చదవాలో టీచరు ఒక ప్రణాళిక రాసిస్తారు. చెల్లెలు ఫిబ్రవరిలో రాసిన ఉత్తరాన్ని పంపే ముందు నాకు చదివి వినిపించింది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని బడి రోజులు, పిల్లలు తాతయ్య, అమ్మమ్మలతో, మేనమామ, పెద్దమ్మల పిల్లలతో ఎందుకు కలిసి ఉండాలి, బడిలో ఏ పరీక్షకూ ఇది అడ్డు రాదు అన్న నాలుగు సంగతులే అందులో ఉన్నాయి. బతిమాలడం లేదు, సాకులు లేవు. వారంలో అనుమతి వచ్చింది. టీచరు ఇచ్చిన ప్రణాళికలో రోజూ అరగంట పుస్తకం చదవడం, కొన్ని లెక్కలు, ప్రయాణంలో చూసినవి ఒక నోటు పుస్తకంలో రాయడం ఉన్నాయి. పిల్లవాడికి జ్వరమని అబద్ధం రాసే బదులు ఇలా తేదీలతో ముందుగా అడగడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. ఇది ఇక్కడి బడులకూ వర్తిస్తుంది.

ఇక మా ఇంటి సంగతి. పదో తరగతి అయిపోయింది కదా, మే అంతా ఖాళీయే అని చుట్టాలందరూ అన్నారు. పట్టికలో రాసి చూస్తే అది నిజం కాదు. 2025లో ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి; ఈసారి పరీక్షలే ఆలస్యంగా ముగుస్తాయి కాబట్టి ఫలితాలు మే నెలలోకి వెళ్లవచ్చునని పెన్సిల్‌తో రాశాను. ఫలితాలు వచ్చాక మార్కుల మెమో, టీసీ తెచ్చుకోవాలి. మార్కుల మీద అనుమానముంటే రీకౌంటింగుకు గడువులోగా దరఖాస్తు చేయాలి. ఇంటర్ ప్రవేశాలు మేలోనే మొదలవుతాయి. నిరుడు జూనియర్ కాలేజీలు జూన్ 2న తెరిచారు. అంటే మే 23 నుంచి జూన్ 7 వరకు మొత్తం రాజమండ్రిలో కూర్చుంటే అమ్మాయికి కాలేజీ మొదటి రోజులు పోతాయి. కొత్త చోట, కొత్త స్నేహాల మధ్య మొదటి వారం పోగొట్టుకోవడం ఆ వయసు పిల్లలకు చిన్న విషయం కాదు. అందుకని అమ్మాయీ, మావారూ మే 31 రాత్రికి తిరిగి వచ్చేలా, జూన్ 12 దాకా బడి లేని అబ్బాయితో నేను చివరి వరకు ఉండేలా నిర్ణయించాము. అందరూ అన్ని రోజులూ ఉండాలని పట్టుబట్టి ఉంటే ఈ కలయిక కుదిరేదే కాదు. ఎనిమిది రోజులు అందరమూ కలిసి ఉంటాము. మిగతా వారం అందుబాటులో ఉన్నవాళ్లం ఉంటాము.

అధిక మాసం దసరాను మాకు దూరం చేసింది గానీ, ఈ వారాలకు మాత్రం మేలే చేసింది. ఆ నెలలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు పెట్టుకోరు. సాధారణంగా మే నెలాఖరులో ఇంటికి నాలుగు శుభలేఖలు వస్తాయి, ఉన్న పది రోజుల్లో సగం పెళ్లిళ్లకు తిరగడంతోనే సరిపోతుంది. ఈసారి ఆ ఊసే లేదు. ఎండల సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది. మే చివర్లో గోదావరి జిల్లాల ఉక్కపోత మ్యూనిక్‌లో పెరిగిన పిల్లవాడికి అలవాటు లేనిది. బయట తిరగడమంతా ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం అయిదు తర్వాత అని ముందే రాసుకున్నాము.

విమాన టికెట్లు తమ్ముడు ముందుగా తీసుకున్నాడు. బవేరియాలో అందరికీ అవే రెండు వారాలు కాబట్టి ఆలస్యమైతే ధరలు పెరుగుతాయి. ఆఫీసులోనూ పిల్లలున్న ఉద్యోగులందరూ ఆ రోజులే అడుగుతారు కనుక సెలవు దరఖాస్తు కొత్త సంవత్సరం మొదట్లోనే పెట్టేశాడు. చెల్లెలు ప్రిన్సిపాల్ అనుమతి చేతికొచ్చాకే టికెట్లు కొన్నది. మా రైలు టికెట్ల విషయంలో ఇంత ముందుచూపుకు వీలు లేదు. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 120 రోజులకు బదులు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అందుకని పట్టికలో ప్రయాణపు తేదీకి అరవై రోజుల వెనక ఉన్న వరుసలో "ఉదయం ఎనిమిదికి బుకింగ్" అని వేరుగా రాశాను. వెళ్లే టికెట్టుకు ఒక తేదీ, మావారు, అమ్మాయి తిరిగి వచ్చే టికెట్టుకు ఇంకొకటి, నేను, అబ్బాయి తిరిగి వచ్చేదానికి మరొకటి. ఇలాంటి గడువులను కూడా సెలవుల పట్టికలోనే రాసుకోవడం ఎంతో మేలు. లేకపోతే సెలవు ఎప్పుడో తెలిసినా, సీటు దొరకదు.

ఇప్పుడు పట్టికలో పెన్సిల్‌తో మిగిలినవి మూడే: పదో తరగతి ఫలితాలు, ఇంటర్ ప్రవేశాల మొదటి దశ గడువు, కాలేజీ తెరిచే రోజు. ఫలితాలు మే 20 లోపు వస్తే మెమో, టీసీ తీసుకుని, దరఖాస్తు పెట్టాకే అందరం బయలుదేరతాము. అంతకంటే ఆలస్యమైతే మావారు హైదరాబాదులోనే ఉండి ఆ పనులు చూసుకుని, తర్వాతి శనివారానికి రాజమండ్రి వస్తారు. అమ్మాయి మాత్రం మాతోనే బయలుదేరుతుంది. టీసీ తండ్రి చేతికి ఇస్తారా, విద్యార్థి స్వయంగా రావాలా అని బడి కార్యాలయంలో అడిగాము. తండ్రి సంతకం, గుర్తింపు కార్డు ఉంటే చాలునని చెప్పారు. ఆ మాట కూడా పెన్నుతో రాసుకున్నాను.